నల్లరేగడి నుంచి ఉప్పునీటి దాకా

నేను ఒక ట్రాక్టరును. ఏ కంపెనీ అని మాత్రం అడగకండి. నా ముక్కుకు బిగించిన పేరు పలక నలభై ఏళ్ల కిందటే ఊడి ఏదో పత్తిచేలో పడిపోయింది. దాన్ని వెతికే తీరిక అప్పుడు ఎవరికీ లేకపోయింది. వయసైతే చెప్పగలను, అరవై దాటింది. నాతోపాటు ఓడ దిగినవాళ్లలో చాలామంది కరిగి చువ్వలై, ఎవరెవరి ఇళ్ల స్లాబుల్లోనో కదలకుండా ఉన్నారు. నేను ఇంకా పొగ వదులుతున్నాను.

నా గొప్ప చెప్పుకోవడానికి ఇదంతా మొదలుపెట్టలేదు. నన్ను కొనడానికి అయిదు వందల కిలోమీటర్ల దూరం నుంచి వచ్చి, నా బానెట్ మీద అరచెయ్యి ఆనించి, ఆ తర్వాత పొద్దంతా నా ఎదురుగా కదలకుండా కూర్చున్న ఒక మనిషి గురించి చెప్పాలి. ఆమె పేరు సూరాడ నూకరత్నం. ఆమె దగ్గరికి రావాలంటే ముందు నేను ఎక్కడి నుంచి వచ్చానో రెండు ముక్కల్లో చెప్పక తప్పదు.

సముద్రాల అవతల ఒక చలిదేశంలో నన్ను పోతపోశారు. చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టడం వల్ల, ఓడలో వచ్చినా దారిలో సముద్రాన్ని నేను చూడలేదు. మద్రాసు రేవులో పెట్టె పగలగొట్టి చక్రాలు తగిలించారు. గూడ్సు బండి మీద తెనాలి చేరాను. నన్ను తెప్పించిన ఆసామి నా మెడలో బంతిపూల దండ వేయించాడు. చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్లవాళ్లు చూడటానికి వచ్చారు. ఇరవై జతల ఎడ్లు చేసే పని ఇది ఒక్కటే చేస్తుందని ఆయన చెబుతుంటే, ఒక ముసలాయన నా పొట్ట కింద దూరి చాలాసేపు వెతికాడు. ఆ ఎడ్లు లోపల ఎక్కడ ఉన్నాయో ఆయనకు అంతు చిక్కలేదు. నాకూ అంతు చిక్కలేదు. ఆ ఆసామి పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నా సీటు మీద కూర్చోలేదు. దమ్ము చేస్తున్నంతసేపూ గట్టు మీద కుర్చీ వేయించుకుని చూసేవాడు. ఇంకా పెద్ద బండి వచ్చాక నన్ను అమ్మకానికి పెట్టాడు.

అప్పుడు వచ్చాడు తాళ్లూరి పున్నయ్య. ఇరవై అయిదేళ్లవాడు. నరసరావుపేటకు పడమటగా ఒక నల్లరేగడి ఊరు అతనిది. రెండేళ్లు వరసగా పత్తి పండితే, ఆ రాబడితో నన్ను కొన్నాడు. తెనాలి నుంచి ఊరికి తనే తోలుకుపోయాడు. దారిలో ప్రతి ఊరి దగ్గరా ఆపేవాడు. రేడియేటరు చల్లారాలని చూసేవాళ్లతో చెప్పేవాడు గాని, నిజం అది కాదు. దిగి నాలుగడుగులు దూరం నడిచి, వెనక్కి తిరిగి నన్ను చూసి, మళ్లీ వచ్చి ఎక్కేవాడు. నేను తనవాణ్నేనని అతనికి నమ్మకం కుదరడానికి ఆ ప్రయాణమంతా పట్టింది.

ఆ తర్వాత నలభై ఆరేళ్లు అతనూ నేనూ కలిసి బతికాం. నల్లరేగడి మామూలు నేల కాదు. ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, తడిస్తే ఏ చక్రాన్నైనా పట్టుకుని వదలదు. ఒక భాద్రపద మాసంలో అతని భార్య శేషమ్మకు నొప్పులు వస్తే, ఊళ్లో ఏ బండీ కదలలేని బురదలో, నా వెనక తగిలించిన ట్రక్కులో గడ్డి పరిచి ఆమెను నేనే నరసరావుపేట ఆసుపత్రికి చేర్చాను. ఆ రోజు పున్నయ్య నన్ను ఒక్క మాటైనా మెచ్చుకోలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి నా చక్రాల మధ్య గట్టిపడిన మట్టినంతా కొబ్బరిపీచుతో తోమాడు. నాకు అది చాలింది.

వయసు మీద పడ్డాక నా సెల్ఫ్ మోటారు బలహీనపడింది. పొద్దున్నే తాళం తిప్పితే ఇంజను నాలుగుసార్లు మూలిగి ఊరుకునేది. పున్నయ్య దానికి ఉపాయం కనిపెట్టాడు. ఇంటి పక్కన నాలుగు ట్రక్కుల మట్టి తోలి ఒక దిబ్బ కట్టాడు. రాత్రి నన్ను దాని మీదకు ఎక్కించి, పొద్దున బ్రేకు వదిలి పల్లానికి దొర్లిస్తూ గేరు వేసేవాడు. అలా లేచేవాణ్ని. ఊళ్లో అందరికీ అది నవ్వులాటగా ఉండేది, మాకు మాత్రం అలవాటైపోయింది.

ఇంతలో ఇంటికి కొత్త ట్రాక్టరు వచ్చింది. కొట్టంలో ఒక్క బండికే చోటు. పాత ఇనుము కొనేవాళ్లు రెండుసార్లు వచ్చి, నన్ను చూడకుండా నా బరువును చూసి వెళ్లారు. మూడోసారి వాళ్లు వస్తారని తెలిసిన రోజున పున్నయ్య ఒక రేకు ముక్క తెచ్చి, ఎర్ర రంగుతో 'పాత ట్రాక్టరు అమ్మబడును, రన్నింగ్ కండిషన్' అని రాసి రోడ్డు వైపు కట్టాడు. ఆ చివరి రెండు మాటలే నాకూ కొలిమికీ మధ్య అడ్డంగా నిలబడ్డాయి. వాటిలో ఎంత నిజముందో అతనికీ నాకూ తెలుసు.

ఆ రేకును చూసింది ఎండుచేపల లారీ తోలే ఒక డ్రైవరు. అతని ద్వారా కబురు శ్రీకాకుళం జిల్లా సముద్రపొడ్డున ఉన్న దిబ్బలపేట చేరింది. వారం తిరక్కుండానే ఇద్దరు మనుషులు బస్సు దిగి వచ్చారు. ఒకామె నూకరత్నం. నలభై అయిదేళ్లుంటాయి. పొట్టిగా, గట్టిగా, ఎండకు కాగిన ముఖంతో ఉంది. కుడిభుజం ఎడమభుజం కంటే ఒక వేలెడు కిందికి ఉంది. రెండో మనిషి ఆమె భర్తకు అన్న, ఎర్రయ్య. అరవై దాటిన మనిషి, నావ నడిపే సరంగు. నన్ను చూడగానే అతను మొహం తిప్పుకున్నాడు.

వాళ్లు వస్తున్నారని తెలిసి పున్నయ్య ఆ రోజు తెల్లవారగానే నన్ను దిబ్బ మీంచి దొర్లించి, అరగంట తిప్పి, వేడెక్కించి ఆపాడు. వేడి మీద ఉంటే ముసలి ఇంజనైనా సెల్ఫ్ మీద లేస్తుంది. వాళ్లు కాళ్లు కడుక్కుని మజ్జిగ తాగాక, అతను సీటెక్కి తాళం తిప్పాడు. ఒక్క కుదుపుతో లేచాను. పున్నయ్య ముఖంలో గర్వం కనబడింది, దాని వెనకే ఇంకేదో కూడా ఉంది. ఇంజను ఆపి దిగాడు.

నూకరత్నం ముందుకు వచ్చి నా బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. అలాగే కాసేపు ఉంచింది.

"బాబూ, ఇది యేడిగా ఉంది. మాం రాకముందే తిప్పేసినారు కదా" అంది. గొంతులో నిష్ఠూరం లేదు.

పున్నయ్య ఏదో చెప్పబోయాడు.

"ఏటనుకోకండి. మాం సేపలమ్ముకునేవోలం. సేప కొన్నప్పుడు సెవులిప్పి సూస్తాం గాని, నీల్లు జల్లిన సేప మీద సెయ్యెట్టం. ఇది సల్లారేదాకా కూకుంటాం. సల్లారినాక తిప్పండి."

అని చెప్పి, నా ఎదురుగా ఉన్న రోలు పక్కన చతికిలబడింది.

నా బతుకులో ఎంతోమంది నన్ను పరీక్షించారు. టైర్లు తన్నినవాళ్లు, పళ్లచక్రాలు లెక్కపెట్టినవాళ్లు, పొగ రంగు చూసి తలాడించినవాళ్లు. నేను చల్లబడటం కోసం ఎదురుచూసిన మనిషిని మాత్రం ఆ రోజే చూశాను. ఎండ ముదిరింది. శేషమ్మ వచ్చి భోజనానికి లేవమంది. ఎర్రయ్య వెళ్లి తిన్నాడు. నూకరత్నం కంచం అక్కడికే తెప్పించుకుని, నా వైపు చూస్తూ తింది. శేషమ్మ కూడా ఆమె పక్కనే కూర్చుని, మీ ఊళ్లో పొలాలెంత, ఏం పండుతాయి అని అడిగింది. పొలాలు లేవని, ఇసక తప్ప ఏమీ లేదని తెలిసి ఆశ్చర్యపోయింది. మరి ట్రాక్టరు ఎందుకు అనేది సహజంగా వచ్చే ప్రశ్న. దానికి నూకరత్నం చెప్పిన జవాబు ఇది.

వాళ్ల ఊరికి జెట్టీ లేదు. వేట నుంచి వచ్చిన నావను అల అందని మెట్టకు ఇసక మీదుగా లాక్కుపోవాలి. ఇంజను, వల, తడి, చేప అన్నీ కలిసి అది టన్నున్నర పైమాటే. ఇదివరకు ఇరవై భుజాలు పట్టేవి. ఇప్పుడు మగవాళ్లలో ముప్పాతిక మంది గుజరాత్‌లో వీరావల్ రేవుకు పోయి పెద్ద బోట్ల మీద పనిచేస్తున్నారు. నూకరత్నం భర్త కూడా అక్కడే. ఊళ్లో మిగిలిన ఆరు నావలను ఒడ్డెక్కించేది ఆడవాళ్లూ ముసలివాళ్లూ. పోయిన ఏడు ఒక నావ సగం దూరం ఎక్కి వెనక్కి జారింది. వెనక భుజం పెట్టిన ఎర్రయ్య భార్య పోలమ్మ నడుం విరిగింది. అప్పటి నుంచి ఆమె గోడ పట్టుకుని నడుస్తోంది. కొత్త ట్రాక్టర్లను ఒకటి రెండు ఊళ్లలో వాడి చూశారట. ఉప్పుగాలికి వాటి వైర్లూ పెట్టెలూ ఏడాదిలోపే పాడైపోతున్నాయి. లోపల వైర్లే పెద్దగా లేని పాతకాలపు బండి అయితే స్పానరుతో బాగుచేసుకోవచ్చని ఒక మెకానిక్ చెప్పాడు. అందుకని పన్నెండుమంది ఆడవాళ్లు కలిసి డబ్బు కూడేసి నన్ను కొనాలనుకున్నారు. మిగతా పదకొండుమంది అక్కడే ఉండి ఆమెను పంపించారు.

ఇదంతా పున్నయ్య గుమ్మంలో నిలబడి విన్నాడు.

పొద్దు వాలేసరికి నేను పూర్తిగా చల్లబడ్డాను. నూకరత్నం లేచి మళ్లీ చెయ్యి పెట్టి చూసి, తల ఊపింది. పున్నయ్య సీటెక్కాడు. తాళం తిప్పాడు. నేను మూలిగాను. మళ్లీ తిప్పాడు. ఇంకా నీరసంగా మూలిగాను. లేవాలని నాకు ఎంత ఉందో చెప్పలేను. నా కోసం కాదు, నా మీద కూర్చున్న ఆ మనిషి తల దించుకోవడం చూడలేక. అయిదోసారి తాళం తిప్పితే టిక్కుమన్న చప్పుడు తప్ప ఇంకేం రాలేదు.

పున్నయ్య మెల్లగా దిగాడు. "సెల్ఫ్ మీద లేవదమ్మా. ఆరేళ్లయింది. పల్లానికి వదిలితే లేసుద్ది, లేస్తే మాత్రం పొద్దంతా ఆగదు. ఆ సంగతి నేనే దాచిపెట్టా" అన్నాడు.

ఎర్రయ్య సంచి భుజాన వేసుకున్నాడు. నూకరత్నం కదల్లేదు. దిబ్బ వైపు చూసింది. పున్నయ్య కట్టిన ఆ మట్టి వాలును పై నుంచి కింది దాకా చూసింది.

"మా కాడ పల్లం ఒక్కేపే ఉంటాది బాబూ" అంది. "అది సముద్రంలోకి."

నావను తాడుతో కట్టి లాగుతుండగా నీటి అంచున ఇంజను ఆగిపోతే ఏమవుతుందో ఆమె వివరించక్కర్లేకపోయింది. సముద్రాన్ని రైలు కిటికీలోంచి తప్ప చూడని పున్నయ్యకు కూడా అది కళ్లకు కట్టింది. తను రేకు మీద రాసిన రెండు మాటలు ఎవరి నడుం మీద పడేవో అతనికి అర్థమైంది.

"పదైదు రోజులాగి రాండమ్మా" అన్నాడు చివరికి. "బాగు చేయించి పెడతా. మీరు అడిగిన ధరకే. లేసిందంటేనే తీసుకుపోండి."

ఆ పదిహేను రోజులూ నన్ను విప్పారు. నరసరావుపేట నుంచి మెకానిక్కు వచ్చి ఇంజను ఎత్తి, లోపలి రింగులు మార్చాడు. సెల్ఫ్ మోటారుకు కొత్త తీగ చుట్టించారు. కొత్త బ్యాటరీ పెట్టారు. పున్నయ్య పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, తీసిన ప్రతి బోల్టునూ డీజిల్‌లో కడిగి, గుడ్డ మీద వరసగా పేర్చాడు. తనకు ఇక అక్కరలేని బండికి ఇంత చాకిరీ ఎందుకని కొట్టం మీదుగా పోయేవాళ్లు అడిగారు. అతను ఇంకో బోల్టు అందుకున్నాడు. మనుషులు వింతజీవులు. సొంతానికి ఆరేళ్లు దిబ్బతో సరిపెట్టుకున్నవాడు, పరాయివాళ్ల కోసం నన్ను మళ్లీ పుట్టించాడు.

నూకరత్నం వచ్చింది. నమ్మకం వచ్చాక కూడా ఆమె పద్ధతి మార్చలేదు. చెయ్యి పెట్టి, చల్లగా ఉన్నానని చూసుకుని, తనే సీటెక్కి, పున్నయ్య చూపించినట్టు తాళం తిప్పింది. మొదటి తిప్పుకే లేచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె రెండు చేతులతో స్టీరింగును పట్టుకుని, నా వణుకు తన మోచేతుల దాకా పాకుతుంటే, నోరు కొద్దిగా తెరిచి అలాగే కూర్చుండిపోయింది. బేరం అక్కడితో ముగిసింది.

నన్ను లారీ ఎక్కించేటప్పుడు పున్నయ్య ఇంట్లోకి వెళ్లి చేతిసంచితో తిరిగి వచ్చాడు. తోలడం నేర్పి వస్తానని శేషమ్మతో అన్నాడు. ఆమె అప్పటికే సంచిలో రెండు జతల బట్టలు పెట్టి ఉంచింది.

దిబ్బలపేటలో లారీ నుంచి దిగి, సరుగుడు చెట్ల మధ్య నుంచి ఇసక ఎక్కి అవతలికి రాగానే నేను చూసినదాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. చూపు ఆగేదాకా నేల. ఒక్క గట్టు లేదు, ఒక్క హద్దురాయి లేదు. దాని మీద సాళ్లు వాటంతటవే లేచి, బారుగా సాగి, వాటంతటవే పూడిపోతున్నాయి. నాగలి లేదు, ఎద్దు లేదు, నేను లేను. అరవై ఏళ్లు దున్ని నేనెంతో చేశాననుకున్నాను. ఇంత పొలాన్ని ఎవరు దున్నుతున్నారో, దేనికోసం దున్నుతున్నారో, ఒక్క క్షణమైనా ఎందుకు ఆపడం లేదో నా ఇనుప బుర్రకు అందలేదు. పున్నయ్య కూడా నా మడ్‌గార్డును పట్టుకుని నిలబడిపోయాడు. చెప్పులు విడిచాడు. ఎందుకు విడిచాడో అతన్ని ఎవరూ అడగలేదు.

మొదటిరోజే పరువు పోయింది. పొడి ఇసకలో గేరు వేసి కదలగానే నా వెనక చక్రాలు గిర్రున తిరిగి, ఇరుసు దాకా దిగబడ్డాయి. నల్లరేగడి పట్టును గెలిచినవాణ్ని, పట్టే లేని నేల నన్ను గెలిచింది. పున్నయ్యకు ఏం చెయ్యాలో తోచలేదు. అంతవరకు నాతో పొత్తు లేనట్టు దూరంగా కూర్చున్న ఎర్రయ్య లేచి వచ్చాడు. టైర్లలో గాలి సగానికి తీసేయమన్నాడు. పాదం దిగని తడి ఇసక ఏదో, దిగేది ఏదో కర్రతో గీసి చూపించాడు. ఆ గీత మీద తోలితే రోడ్డు మీద ఉన్నట్టే ఉంది.

అప్పటి నుంచి ఆ ముగ్గురూ ఒక్క పనిలో పడ్డారు. పున్నయ్యకు యంత్రం తెలుసు, ఎర్రయ్యకు నీళ్లు తెలుసు, నూకరత్నం రెండూ నేర్చుకుంటోంది. క్లచ్ వదలడం ఆమెకు రెండు రోజుల్లో వచ్చింది. అల చూడటం అంతకు ముందే వచ్చు గాని, దానికి వీపు పెట్టి రివర్సులో దిగడం కొత్త. ఎర్రయ్య నీటి అంచున నిలబడి చెయ్యి ఎత్తేవాడు. పెద్ద అలలు కొన్ని వరసగా వచ్చి, ఆ తర్వాత కాసేపు నీళ్లు సర్దుకుంటాయి. ఆ సందు ఎప్పుడు వస్తుందో అతను నీటిని చూసి ముందే చెప్పేవాడు. చెయ్యి దించగానే ఆమె నన్ను నీళ్లలోకి దించేది, తాడు కొక్కేనికి తగలగానే ముందుకు దూకించేది. ఎర్రయ్య చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు. యంత్రానికి తెలియని లెక్క ఒకటి మనిషి ఒంట్లో ఉంటుందని నాకు అక్కడే తెలిసింది.

పదోరోజు పొద్దున ఎనిమిది గంటల వేళ గాలి తిరిగింది. వేటకు పోయిన ఆరు నావలూ ఒకేసారి ఒడ్డు ముఖం పట్టాయి. అలలు నేను చూసినవాటికి రెట్టింపు ఎత్తున లేస్తున్నాయి. ఆడవాళ్లు ఇళ్ల నుంచి పరుగున వచ్చి, అలవాటు కొద్దీ కొంగులు బిగించుకుని భుజాల మీద గుడ్డలు వేసుకున్నారు.

మొదటి నావ ముక్కు ఇసకను తాకింది. నూకరత్నం నన్ను వెనక్కి దించింది, ఎవరో తాడు తగిలించారు. నేను లాగాను. ఆడవాళ్లు పది పన్నెండుమంది పళ్లు బిగించి నావ పక్కలకు భుజాలు ఆనించబోయారు. నావ వాళ్ల భుజాలకు అందకుండా ముందుకు వెళ్లిపోయింది. నలుగురు పట్టు తప్పి ఇసకలో బోర్లా పడ్డారు. లేచి, తమ ముందు దానంతటది నడిచిపోతున్న నావను చూస్తూ నిలబడ్డారు. వాళ్ల అమ్మల కాలం నుంచి ఆ బరువు వాళ్లది. అది ఒక్కసారిగా చేతుల్లోంచి పోయేసరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకామె భుజం మీది గుడ్డను తీసి, దాన్ని ఏం చెయ్యాలో తోచక, మడత పెట్టుకుంది.

రెండు, మూడు, నాలుగు ఎక్కాయి. అయిదోదానికి నేను నీళ్లలో ఉండగా, ఎర్రయ్య దించిన చెయ్యి మళ్లీ లేచింది. లెక్కలో లేని అల ఒకటి వచ్చింది. అది నన్ను వెనక నుంచి కొట్టి, సీటు మీదుగా, బానెట్ మీదుగా పోయింది. ఇంజను ఆగిపోయింది.

నిశ్శబ్దం నాకు తెలుసు. కొట్టంలో నెలల తరబడి ఉన్నాను. ఈ నిశ్శబ్దం అలాంటిది కాదు. వెనక తాడు బిగిసి ఉంది. తాడు చివర నావ, నావలో నలుగురు మనుషులు. వెనక్కి పోయే నీళ్లు నావను లాగుతున్నాయి, నావ నన్ను లాగుతోంది. చక్రాల కింద ఇసక కరిగిపోవడం తెలుస్తోంది. ఒడ్డున పున్నయ్య అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. ఇక ఆ వాలు మీద అతను చేయగలిగింది ఏమీ లేదు.

నూకరత్నం ముఖం మీది నీళ్లు తుడుచుకోలేదు. బ్రేకును రెండు కాళ్లతో తొక్కి పట్టి, గేరు వదిలి, తాళం సగం తిప్పి ఆగింది. ఇంజనును వేడిచేసే లోపలి తీగ కాగేదాకా ఇరవై అంకెలు లెక్కపెట్టాలని పున్నయ్య నేర్పాడు. ఆమె లెక్కపెట్టింది. ఒడ్డున అందరూ కేకలేస్తున్నా, ఇంకో అల లేస్తున్నా, ఒక్క అంకె కూడా తగ్గించలేదు. అప్పుడు తిప్పింది.

నేను లేచాను.

నా బలంతో లేచానని చెప్పను. గుడ్డ మీద వరసగా పేర్చి కడిగిన బోల్టులతో లేచాను. అయిదో నావా, ఆ తర్వాత ఆరోదీ మెట్ట చేరాయి. నావలోని నలుగురూ దిగి నేరుగా ఇళ్లకు పోకుండా నా చుట్టూ నిలబడ్డారు. పున్నయ్య ఇసకలో కూర్చుండిపోయాడు. ఎంతసేపటికీ లేవకపోతే నూకరత్నమే దిగి వెళ్లి పక్కన కూర్చుంది. వాళ్లేం మాట్లాడుకున్నారో అల చప్పుడులో నాకు వినిపించలేదు. అతను పైపంచెతో కళ్లు తుడుచుకోవడం మాత్రం చూశాను.

ఆ సాయంత్రం వెళ్లబోయే ముందు అతను ఆడవాళ్లందరినీ పిలిచి ఆఖరి జాగ్రత్త చెప్పాడు. "ఉప్పు దీన్ని తినేసుద్దమ్మా. పని అయిపోగానే రోజూ మంచినీళ్లతో కడగండి. ఏ ఒక్క రోజూ మానొద్దు. మానారంటే రెండేళ్లు కూడా రాదు." ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుని, అలాగే బాబూ అన్నారు. అతను నా చుట్టూ ఒకసారి తిరిగి బస్సెక్కాడు.

దిబ్బలపేటలో మంచినీళ్లు లేవన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఏ బావి తవ్వినా ఉప్పే. తాగే నీళ్లు మైలు దూరంలో, సరుగుడు తోట అవతల ఒక్క కుళాయి దగ్గర, అదీ పొద్దున ఒక గంటసేపు వస్తాయి. ఇంటికి నాలుగు బిందెలు దొరికితే గొప్ప. నూకరత్నానికి తెలుసు. తెలిసే 'అలాగే' అంది. మర్నాటి నుంచి ప్రతి సాయంత్రం నన్ను నావల పక్కన ఆపగానే, ఇంటికొక బిందె చొప్పున వంతులవారీగా ఆడవాళ్లు వస్తారు. ముందు చక్రాలు, తర్వాత ఇరుసు, తర్వాత ఇంజను పక్కలు. నీళ్లు చేత్తో పోస్తారు. ఎక్కడా చుక్క వృథా పోనివ్వరు. వాళ్ల పిల్లలు తాగాల్సిన నీళ్లు నా ఇనుము మీద పారుతుంటే, నాకు పొగ వదలడానికి కూడా మొహమాటంగా ఉంటుంది. నేను పండించిన గింజలు ఎన్ని వేలమంది తిన్నారో నాకు తెలియదు. తాము తాగే నీళ్లు నాకు పోసినవాళ్లను మాత్రం పేరుపేరునా ఎరుగుదును.

నిన్న ఎర్రయ్య భార్య పోలమ్మ ఇంటి వంతు. ఆమె బిందె మోసే స్థితిలో లేదు కాబట్టి ఆ ఇల్లు వదిలేయమని నూకరత్నం మొదటే చెప్పింది. నిన్న పొద్దువాలుతుండగా ఒడ్డు మీదుగా ఎర్రయ్య వచ్చాడు. ఆ ఊళ్లో మగవాళ్లు నీళ్లు మోయరు. భుజాన ఇత్తడి బిందె, నడకలో నావ దిగినవాడి ఊగు. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు చేతులు ఆపి చూస్తున్నారు. అతను ఎవరినీ చూడలేదు. బిందె దించి, దోసిట నీళ్లు తీసుకుని, నా వెనక చక్రం మీద మెల్లగా పోశాడు.

నూకరత్నం ఎదురు వెళ్లి, "నువ్వెందుకు మోసినావు బావా" అంది.

"మా యింటి వొంతు" అన్నాడు ఎర్రయ్య, ఇంకో దోసిలి ముంచుతూ.